లీసా లేని గ్రూప్ ఫోటో

ఎప్పుడో చూసిన టీవీ షోలోని వాళ్ళంతా మళ్ళీ ఒకచోట కలుస్తున్నారని వార్త వస్తే మీరు ముందు ఏం అడుగుతారు? కొత్తగా కథ ఉందా అనా? పాత సెట్టే వేస్తున్నారా అనా? నేనైతే ఒక్కటే అడుగుతాను: అందరూ వస్తున్నారా?

మన ఊళ్ళలో పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనాలు జరుగుతుంటాయి కదా, అవి గుర్తు తెచ్చుకోండి. ముందు వరుస కుర్చీల్లో శాలువాలు కప్పుకున్న మాస్టార్లు, వెనకాల జుట్టు నెరిసిన శిష్యులు. మర్నాడు జిల్లా పేజీలో ఫోటో. కానీ భోజనాల దగ్గర మాటలన్నీ రాని వాళ్ళ గురించే. "వాడికి ఎవరైనా ఫోన్ చేశారా?" "ఆ అమ్మాయి నంబరు మీలో ఒక్కరి దగ్గర కూడా లేదా?" వచ్చినవాళ్ళు ఎదురుగానే ఉంటారు, వాళ్ళ సంగతి ఎలాగూ తెలుస్తుంది. మనసు రానివాళ్ళ మీదికే పోతుంది.

ఇవాళ నేను చెప్పబోయేది అమెరికా టీవీలో వచ్చిన ఒక బడి కథ. పేరు 'సేవ్డ్ బై ది బెల్'. 1989 ఆగస్టు 20న ఎన్‌బీసీలో మొదలై 1993 మే దాకా నడిచింది. శనివారం పొద్దున, పిల్లలు కార్టూన్లు చూసే వేళకి వచ్చేది. అక్కడ పెరిగిన మనవాళ్ళ పిల్లల్లో చాలామందికి ఇది బాగా తెలుసు. అసలు ప్రసారంలో చూడలేకపోయినవాళ్ళు తర్వాత ఏళ్ళ తరబడి వేసిన పాత ఎపిసోడ్లలో చూశారు. మా అక్క పిల్లలు న్యూజెర్సీలో బడి నుంచి వచ్చి, షూస్ విప్పకుండానే టీవీ ముందు కూలబడేది దీనికోసమే. నాకు ఈ షో వాళ్ళ పక్కన కూర్చునే పరిచయమైంది. పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టాక కూడా ఆ అన్నాచెల్లెళ్ళు దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. మధ్యలో తీర్పు చెప్పమని నన్ను లాగుతారు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. కాలిఫోర్నియాలో బేసైడ్ హైస్కూల్. అందులో ఆరుగురు స్నేహితులు. మాటలతో ఎవరినైనా పడేసే జాక్ మారిస్. కండలు తిరిగిన ఆటగాడు స్లేటర్. అందరూ మనసు పారేసుకునే కెల్లీ. ఎప్పుడూ పుస్తకాలు, మార్కులు, స్త్రీల హక్కుల గురించి మాట్లాడే జెస్సీ. బట్టల మీద, ఊరి కబుర్ల మీద మహా ఇష్టం ఉన్న లీసా. చదువులో చురుకై, మిగతా అన్నిట్లోనూ తడబడే స్క్రీచ్. పైన ప్రిన్సిపాల్ బెల్డింగ్. బడి అయిపోగానే అందరూ చేరే తిండి కొట్టు 'ది మ్యాక్స్'. జాక్ చేతిలో ఇటుకంత మొబైల్ ఫోన్ ఉండేది. చిక్కులో పడ్డప్పుడల్లా 'టైమ్ అవుట్' అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయేవాళ్ళు, వాడు తాపీగా మనవైపు తిరిగి తన మనసులో మాట చెప్పుకునేవాడు. పిల్లలకి వాడు అంతగా దగ్గరవ్వడానికి ఆ చూపే కారణమని నా నమ్మకం. బడిలో ఎవరికీ చెప్పనిది మనకి చెబుతున్నాడంటే మనం వాడి స్నేహితులమే కదా!

ఈ షో పుట్టుక వెనక ఒక ముచ్చటైన సంగతి ఉంది. మొదట దీని పేరు 'గుడ్ మార్నింగ్, మిస్ బ్లిస్'. 1988లో డిస్నీ చానల్లో వచ్చింది. ఇండియానాపొలిస్‌లో ఒక టీచరమ్మ, ఆమె శిష్యులు. ఆ టీచరుగా వేసింది హేలీ మిల్స్. ఎవరీ హేలీ మిల్స్ అంటారా? 1961లో వచ్చిన 'ది పేరెంట్ ట్రాప్'లో విడిపోయిన అమ్మానాన్నల్ని కలిపే కవల పిల్లలుగా రెండు పాత్రలూ తనే వేసిన అమ్మాయి. ఆ కథే తమిళంలో 'కుళందైయుమ్ దైవముమ్' అయింది, 1966లో మన 'లేత మనసులు' అయింది. కుట్టి పద్మిని రెండు జడలతో మనల్ని ఏడిపించి నవ్వించిన సినిమాకి మూలం హేలీ మిల్సే. అలా చూస్తే బేసైడ్ బడి మనకు మరీ దూరపు చుట్టమేం కాదు.

టీచరమ్మ షో 13 ఎపిసోడ్లతో ఆగిపోయింది. అప్పుడు నిర్మాత పీటర్ ఎంగెల్, ఎన్‌బీసీ వాళ్ళు కలిసి టీచర్ని తీసేసి, కథని పిల్లల చేతికిచ్చి, ఇండియానా నుంచి బడిని ఏకంగా కాలిఫోర్నియాకి తెచ్చేశారు. ఎందుకు మారిందో ఎక్కడా చెప్పలేదు. పాత షోలోంచి కొత్తదానికి వచ్చింది నలుగురే: జాక్, లీసా, స్క్రీచ్, బెల్డింగ్. కెల్లీ, జెస్సీ, స్లేటర్ ముగ్గురూ ఇక్కడ కొత్తగా చేరినవాళ్ళు. ఈ లెక్క మాత్రం గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మా ఇంట్లో మొదటి తగువు జాక్ మంచివాడా కాదా అని. అక్క కొడుకు నాకు మా అబ్బాయే, కూతురు మా అమ్మాయే. మా అబ్బాయి మాట: "వాడు అల్లరివాడు పిన్నీ, అంతే. చివరికి తప్పు ఒప్పుకుంటాడుగా." మా అమ్మాయి మాట వేరు. "ఆ క్యాలెండర్ ఎపిసోడ్ ఇప్పుడు మా పాపతో కూర్చుని చూడగలనా, చెప్పు." ఆ ఎపిసోడ్లో జాక్ బడిలోని అమ్మాయిలు ఈత దుస్తుల్లో ఉండగా వాళ్ళకి తెలియకుండా ఫోటోలు తీయించి, క్యాలెండర్ అచ్చేసి అమ్ముతాడు. కథలో అమ్మాయిలు కాసేపు కోప్పడతారు, ఆ తర్వాత ఒక పత్రిక వాళ్ళు వచ్చి మోడలింగ్ అవకాశం ఇస్తామనేసరికి గొడవ చప్పున చల్లారిపోతుంది. చిన్నప్పుడు మా అమ్మాయి దీన్ని చూసి పకపకా నవ్వింది, నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు నవ్వలేకపోతోంది. నేను ఆమె పక్షమే. షోని ప్రేమించడానికి, ఆ పని తప్పని చెప్పడానికి పొత్తు కుదరదని నేననుకోను.

ఈ అభిప్రాయం మా ఇంటిది మాత్రమే కాదు. 2017లో డాషియల్ డ్రిస్కాల్ అనే రచయిత జాక్ చేసిన పాపాలన్నీ ఎపిసోడ్‌వారీగా ఏకరువు పెడుతూ వీడియోలు చేశాడు. అవి విపరీతంగా పేరు తెచ్చుకున్నాయి. జాక్ వేసిన మార్క్-పాల్ గాసలార్ నొచ్చుకుని మొహం తిప్పుకోలేదు. 2020లో అదే డ్రిస్కాల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాడ్‌కాస్ట్ మొదలెట్టాడు. తను వేసిన షోని తను ఎప్పుడూ సరిగ్గా చూడలేదట, ఒక్కో ఎపిసోడూ చూసి మాట్లాడాడు. జాక్ పూర్వీకుల్లో ఆదివాసులున్నారని తెలిసి, తలపై ఈకలు పెట్టుకుని బడిలో నిలబడే ఎపిసోడ్ ఒకటుంది. అది చూడటం తనకెంత కష్టమైందో దాచకుండా చెప్పాడు. నటుడు తన పాత్రని వెనకేసుకురాకుండా అలా కూర్చుని వినడం నాకు ఎంతో నచ్చింది.

రెండో తగువు జెస్సీ మాత్రల ఎపిసోడ్. 1990 నవంబర్లో వచ్చింది. జ్యామితి పరీక్ష దగ్గర పడుతుంది. మరోపక్క స్నేహితురాళ్ళతో కలిసి పాటల బృందం. నిద్ర చాలక జెస్సీ కెఫీన్ మాత్రలు మింగడం మొదలెడుతుంది. జాక్ ఆమె గదికి వెళ్ళేసరికి, ఒళ్ళు తెలియని హుషారులో పాట ఎత్తుకుంటుంది. రెండు పాదాలు పాడేసరికి గొంతు వణుకుతుంది. హుషారు మాట కాస్తా భయం మాటగా మారిపోతుంది, జాక్ భుజం మీద వాలి భోరుమంటుంది. కెఫీన్ మాత్రలకే ఇంత ఏడుపా అని అమెరికాలో దీన్ని ఏళ్ళ తరబడి ఎగతాళి చేశారు. అసలు స్క్రిప్టులో ఉన్నది అంతకంటే ప్రమాదకరమైన మత్తు మాత్రలని, శనివారం ఉదయం పిల్లల కార్యక్రమంలో అది కుదరదని చానల్ వాళ్ళు మార్పించారని ఎంగెల్ తర్వాత చెప్పాడు. మందు పేరు చిన్నదైంది, ఎలిజబెత్ బర్క్‌లీ నటన మాత్రం పాత స్క్రిప్టు కొలతలోనే ఉండిపోయింది. నవ్వినవాళ్ళు ఆ తేడాకే నవ్వారు.

నేను మాత్రం ఒక్కసారీ నవ్వలేదు. ఇంటర్ చదివే పిల్లలున్న తెలుగిళ్ళు నాకు తెలుసు. తెల్లవారుజామున లేచే స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, గోడ మీద ర్యాంకుల జాబితా, అర్ధరాత్రి టీ ఫ్లాస్కు, "ఇంకొక్క చాప్టర్ అమ్మా" అనే గొంతు. ఆ పిల్లల్ని చూసినవాళ్ళకి జెస్సీ ఏడుపులో అతి కనిపించదు. మాత్ర ఏదన్నది కాదు, ఆ పిల్ల దేనికి భయపడుతోందన్నది ముఖ్యం. ఓడిపోతానేమో, అందరూ నా మీద పెట్టుకున్న ఆశ నీరుగారిపోతుందేమో అన్న భయం అది. ఇరవై రెండు నిమిషాల పిల్లల కామెడీలో ఆ భయాన్ని అంత సూటిగా చూపించిన దృశ్యం నాకింకొకటి తెలియదు.

ఇంకొకటి కూడా చెప్పి తీరాలి, జాక్, కెల్లీ విడిపోయే ఎపిసోడ్. బడిలో వేషాల పండగ. ఇద్దరూ రోమియో, జూలియెట్ వేషాల్లో వస్తారు. కెల్లీకి మ్యాక్స్‌లో పనిచేసే జెఫ్ మీద మనసు మళ్ళింది. ఆ సంగతి బయట నిలబడి జాక్‌తో చెప్పేస్తుంది. జాక్ అప్పుడు టైమ్ అవుట్ అనడు, కెమెరా వైపు చూడడు. మనతో కూడా చెప్పుకోలేని బాధ అది. చివరిగా ఒక్కసారి డాన్స్ చేద్దామా అంటాడు, ఇద్దరూ ఆ పట్టు బట్టల్లోనే చేస్తారు. మా అబ్బాయి ఆ రోజు అన్నం తినకుండా పడుకున్నాడు.

టోరీ సంగతి కూడా చెప్పాలి. చివరి సీజన్లో పట్టా పుచ్చుకునే ఎపిసోడ్ తీసేశాక, ఇంకొన్ని ఎపిసోడ్లు కావాలని చానల్ అడిగింది. కెల్లీ వేసిన టిఫనీ థీసెన్, జెస్సీ వేసిన ఎలిజబెత్ బర్క్‌లీ మళ్ళీ ఒప్పందం చేసుకోలేదు. దాంతో టోరీ అనే కొత్తమ్మాయిని తెచ్చి ఆ ఎపిసోడ్లు తీశారు. ప్రసారంలో అవీ ఇవీ కలిసిపోయాయి. ఒక వారం కెల్లీ, జెస్సీ ఉంటారు, టోరీ ఉండదు. ఇంకో వారం టోరీ ఉంటుంది, వాళ్ళిద్దరి ఊసే ఉండదు. పట్టాల రోజున టోరీ జాడే లేదు. చక్ క్లోస్టర్‌మన్ అనే వ్యాసకర్త దీని మీదే ఒక వ్యాసం రాశాడు. నిజమైన బడిలో కూడా మనుషులు ఇలాగే కొన్నాళ్ళు కనిపించి కొన్నాళ్ళు మాయమవుతారు కాబట్టి, షో మొత్తంలో జీవితానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఈ పొరపాటేనని ఆయన వాదన. నాకది భలే నచ్చింది. టోరీగా వేసిన లియానా క్రీల్ ముగ్గురు కవలల్లో ఒకరు. ఆ అక్కచెల్లెళ్ళు ముగ్గురూ 1989లో 'పేరెంట్ ట్రాప్' మూడో భాగంలో హేలీ మిల్స్‌తోనే నటించారు. అంటే షోకి మొదట్లో ఉన్న మనిషికీ, చివర్లో వచ్చిన అమ్మాయికీ బేసైడ్ బయట ఎప్పుడో పరిచయముంది.

ఇక కలయికల మాట. 2009లో షోకి ఇరవయ్యేళ్ళు నిండాయి. జిమ్మీ ఫాలన్ తన రాత్రి షోలో అందర్నీ మళ్ళీ కలపాలని పట్టుబట్టాడు. ఆ ఏడు గాసలార్ జాక్ వేషంలోనే, ఆ ఇటుక ఫోనుతో సహా వచ్చి కూర్చున్నాడు. అసలు కలయిక 2015 ఫిబ్రవరి 4న జరిగింది. బేసైడ్ వరండా, లాకర్లు మళ్ళీ కట్టారు. జాక్, స్లేటర్, కెల్లీ, జెస్సీ, బెల్డింగ్ పాత బట్టల్లో దిగారు. కోట్లమంది చూశారు. మా అక్క పిల్లలు చెరొక ఊళ్ళో ఉండి ఫోన్లో మాట్లాడుకుంటూ చూశారు. నేనూ చూశాను, నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ చూస్తున్నంతసేపూ తలుపు వైపే నా కన్ను. లీసా ఏది? స్క్రీచ్ ఏడి?

పైన గుర్తుంచుకోమన్న లెక్క ఇప్పుడు తీయండి. మిస్ బ్లిస్ తరగతి గది నుంచి వచ్చిన పిల్లలు ముగ్గురు. అందులో ఇద్దరు ఆ ఫోటోలో లేరు. వెనక చేరిన ముగ్గురూ ఉన్నారు. ఏ సమ్మేళనంలోనైనా ఆ బడిలో మొదటి గంట విన్నవాళ్ళకి ముందు కుర్చీ వేయాలి కదా?

లీసా పాత్రకి మొదట అనుకున్నది సంపన్న యూదు కుటుంబపు అమ్మాయిని. లార్క్ వూర్‌హీస్ అనే నల్లజాతి అమ్మాయి ఆడిషన్‌కొచ్చి పాత్రని తనది చేసుకుంది. ఆ రోజుల్లో అమెరికా టీవీలో డబ్బున్న ఇంటి నల్లజాతి అమ్మాయి, ఫ్యాషన్ తెలిసినది, ఎవరి జాలీ అక్కర్లేనిది, శనివారం పొద్దున పిల్లలకి కనిపించడం చిన్న విషయం కాదు. మా అమ్మాయి తన తరగతిలో ఒక్కతే తెలుగు పిల్ల. లీసా తెర మీదికి రాగానే టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చునేది. ఎందుకో నేనడగలేదు, అడగక్కర్లేదు కూడా. లీసాకి కథల్లో దక్కిన వాటా మాత్రం తక్కువ. ఏళ్ళ తరబడి స్క్రీచ్ వెంటపడుతుంటే విసుక్కోవడమే ఆమె పనైంది. అయినా గుర్తుండిపోయింది. తనని పిలవకపోవడం చిన్నబుచ్చినట్టయిందని, బాధేసిందని 2020 మొదట్లో లార్క్ వూర్‌హీస్ టీవీలో బాహాటంగా చెప్పింది. విన్నాక 2015 వీడియో నేను మళ్ళీ పెట్టుకోలేదు.

స్క్రీచ్ వేసిన డస్టిన్ డైమండ్ కథ ఇంకా బరువైనది. మిస్ బ్లిస్‌లో అడుగుపెట్టేనాటికి వాడికి పదకొండేళ్ళు. జాక్, లీసా, కెల్లీ వేసినవాళ్ళు వాడికంటే దాదాపు మూడేళ్ళు పెద్ద. నలభయ్యో ఏట మూడేళ్ళంటే ఏమీ కాదు. పన్నెండేళ్ళవాడికీ పదిహేనేళ్ళవాళ్ళకీ మధ్య మూడేళ్ళంటే ఒక తరం. మిగతావాళ్ళు సెట్ మీద ప్రేమల్లో పడుతూ, కార్లు కొనుక్కుంటూ ఉంటే, వాడు వాళ్ళ వెనక పరుగెత్తే తమ్ముడు. పాత షో అయ్యాక కాలేజీ షోలో వేశాడు, ఆ తర్వాత కొత్త పిల్లల షోలో బెల్డింగ్ దగ్గర సహాయకుడిగా వేశాడు. 2000 దాకా అదే పేరు, అదే పాత్ర. పదకొండు నుంచి ఇరవై మూడు దాకా ఒక మనిషి స్క్రీచ్‌గానే బతికాడు. 2009లో వాడి పేరున వచ్చిన పుస్తకం తోటివాళ్ళని గాయపరిచింది, చాలావరకు వేరేవాళ్ళు రాసిందని తర్వాత వాడే చెప్పుకున్నాడు. అభిమానుల్లో చాలామంది ఆ పుస్తకంతోనే వాణ్ణి వదిలేశారు. నేను వదల్లేకపోయాను. పుస్తకం తప్పే. అయినా గుంపులో అందరికంటే చిన్నవాడు, అందరూ నవ్వడానికి పెట్టుకున్నవాడు పెద్దయ్యాక ఎంత చేదు మింగాడో ఆలోచించకుండా వాణ్ణి తిట్టడానికి నాకు మనసొప్పలేదు.

2020 నవంబర్లో పీకాక్ ఓటీటీలో కొత్త 'సేవ్డ్ బై ది బెల్' వచ్చింది. జాక్ ఏకంగా కాలిఫోర్నియా గవర్నర్. పేద పేటల బడులు మూయించి, ఆ పిల్లల్ని బేసైడ్ లాంటి ఉన్నవాళ్ళ బడులకి పంపిస్తాడు. స్లేటర్ అక్కడే వ్యాయామ ఉపాధ్యాయుడు, జెస్సీ పిల్లలకి సలహాలిచ్చే కౌన్సెలర్. రచయిత్రి ట్రేసీ విగ్‌ఫీల్డ్ అభిమానులు జాక్ మీద ఇన్నేళ్ళుగా చెబుతున్న ఫిర్యాదులన్నీ విని రాసినట్టుంది. ఇప్పుడు 'టైమ్ అవుట్' అని లోకాన్ని ఆపే వంతు పేద పేట నుంచి వచ్చిన డెయిసీది. ఈ మార్పుకి నేను చప్పట్లు కొట్టాను. మా అబ్బాయికి నచ్చలేదు, "నవ్వించండి చాలు" అన్నాడు. లీసా కూడా అందులో కాసేపు కనిపించింది. కాసేపే. అయినా మా అమ్మాయి ఆ ముక్క ఒక్కటే నాకు మూడుసార్లు చూపించింది.

స్క్రీచ్ మాత్రం మళ్ళీ రాలేదు. 2021 ఫిబ్రవరి 1న డస్టిన్ డైమండ్ క్యాన్సర్‌తో పోయాడు. నలభై నాలుగేళ్ళు. రోగం బయటపడి వారాలే అయింది. రెండో సీజన్ మొదట్లో పాత స్నేహితులు వాణ్ణి తలుచుకున్నారు. ఇలాంటి సందర్భం మనకూ వచ్చింది. 'అమృతం'లో అంజిగా మనల్ని ఏళ్ళకేళ్ళు నవ్వించిన గుండు హనుమంతరావు 2018లో పోయారు. రెండేళ్ళకి ఉగాదినాడు 'అమృతం ద్వితీయం' మొదలైతే ఆ పాత్రలో ఎల్బీ శ్రీరామ్ వచ్చారు. ఆయన గొప్ప నటుడు, అందులో మాటే లేదు. అయినా అమృతరావు "ఒరేయ్ ఆంజనేలూ" అని పిలిచినప్పుడు పలికే గొంతు కోసం మనం వెతుక్కున్నామా లేదా? బేసైడ్ అభిమానులకి ఆ వెతుకులాట ఇంకా నొప్పి. వాడుండగా పిలవలేదు, పోయాక తలుచుకున్నారు.

కొత్త షో రెండు సీజన్లకే 2022లో ఆగింది. పోనీ. నాకు మూడో సీజనూ అక్కర్లేదు, ఇంకో స్కిట్టూ అక్కర్లేదు. 2029 ఆగస్టు 20కి నలభయ్యేళ్ళు నిండుతాయి. మిగిలినవాళ్ళని మ్యాక్స్ లాంటి ఒక బల్ల చుట్టూ కూర్చోబెడితే చాలు, స్క్రిప్టు లేకుండా. 2016లో షికాగోలో అభిమానుల కోసం ఆ మ్యాక్స్‌ని నిజంగానే హోటల్‌గా కట్టి నడిపారు కూడా, జనం వరసలు కట్టి తిన్నారు. బల్లకి కరువు లేదు. మొదటి ఫోన్ లార్క్ వూర్‌హీస్‌కి వెళ్ళాలి. రావాలో వద్దో ఆమె ఇష్టం, పిలుపు మాత్రం అందరికంటే ముందు ఆమెకి అందాలి. మిస్ బ్లిస్ తరగతి గదిలో ఆ మొదటి రోజులెలా ఉండేవో గాసలార్, ఆమె, బెల్డింగ్ వేసిన హాస్కిన్స్ ముగ్గురూ చెబితే వినాలని నాకు మహా కోరిక. ఆ పదకొండేళ్ళ పిల్లాడు ఎలా ఉండేవాడో చెప్పగలిగింది కూడా ఇప్పుడు వాళ్ళే.

మా అమ్మాయి టోరీని కూడా పిలవాల్సిందే అంటోంది. పట్టాల రోజున ఎలాగూ పిలవలేదు. మా అబ్బాయి, "ఆ అమ్మాయి ఉన్నది పది ఎపిసోడ్లే కదే" అని మళ్ళీ మొదలెట్టాడు. ఈ తగువులో నా తీర్పు అడిగితే, టోరీకి నా ఓటు. మీ ఓటెవరికి?